మనాలి–లేహ్ రహదారి: హిమాలయ కనుమల మీదుగా

హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయ పై అంచున ఉన్న మనాలి పట్టణాన్నీ, లద్దాఖ్ ముఖ్యపట్టణం లేహ్‌నూ కలిపే కొండదారి ఇది. పంజాబ్‌లో అటారీ దగ్గర మొదలయ్యే జాతీయ రహదారి 3కి చివరి భాగం. రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగే పాత దారిన పోతే సుమారు 475 కిలోమీటర్లు. 2020లో అటల్ సొరంగం తెరిచాక అది దాదాపు 430కి తగ్గింది. మనాలి సముద్రమట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున, లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఈ రెండు అంకెలే చూస్తే ఇదేమంత ఎక్కుడు కాదనిపిస్తుంది. కానీ ఆ రెండు ఊళ్ల మధ్య ఐదు పెద్ద కనుమలున్నాయి. వాటిలో రెండు ఐదు వేల మీటర్లు దాటినవి. ప్రయాణికుడు ఒకసారి ఎక్కి ఒకసారి దిగడు, ఎక్కి దిగి మళ్లీ ఎక్కుతూనే ఉంటాడు.

కనుమ దారి అనగానే తెలుగువారికి తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్ రోడ్లు మనసులో మెదులుతాయి. తిరుమలకు ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకొకటి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఆ మలుపుల్లో నేర్చుకున్న జాగ్రత్త హిమాలయాల్లోనూ పనికొస్తుంది గానీ, ఎత్తుల లెక్క మాత్రం పూర్తిగా వేరు. తూర్పు కనుమల్లోని అతి ఎత్తైన శిఖరాలే 1,700 మీటర్ల లోపు. అంటే ఈ ప్రయాణం మొదలయ్యే మనాలి బస్టాండే మన కొండలన్నిటికన్నా ఎత్తున ఉంది.

ఈ రహదారి గురించి రాసేవాళ్లు సాధారణంగా అందం దగ్గరో, సాహసం దగ్గరో ఆగిపోతారు. రెండూ నిజమే. అయితే దీని అసలు విశేషం ఇంకొకటి. ఇది ఒకసారి కట్టేసి వదిలిన దారి కాదు. ప్రతి చలికాలం మంచు దీన్ని మింగేస్తుంది. ప్రతి వసంతంలో మనుషులు దీన్ని మళ్లీ తవ్వి తీస్తారు. వేసవిలో కరిగిన నీరు కోసేసిన చోటల్లా మళ్లీ పూడుస్తారు. ఇక్కడ తారు మీద సాగే ప్రతి కిలోమీటరు వెనుకా ఆ ఏడాది పడిన కష్టం ఉంటుంది.

బండ్లకు ముందు

రోడ్డు రాకముందే ఈ దారిలో రాకపోకలున్నాయి. కాంగ్డా, చంబా ప్రాంతాల గద్దీ కాపరులు వేసవిలో గొర్రెల మందలను తోలుకుని ఎత్తైన కనుమలు దాటి లాహౌల్ పచ్చికలకు చేరేవారు. నేటికీ చేరుతున్నారు. జూన్‌లో వాహనాలను ఆపేసే వాటిలో మొదటి వరస ఆ మందలదే. లాహౌలీ వర్తకులు కంచరగాడిదల మీద ధాన్యం, తేయాకు, బట్టలు లద్దాఖ్‌కు మోసి, తిరుగు ప్రయాణంలో ఉన్ని, ఉప్పు, పశ్మీనా తెచ్చేవారు. బారాలాచా కనుమకు దక్షిణాన పట్సేవు దగ్గర వేసవి సంత జరిగేది. టిబెట్ సరిహద్దు మూతపడ్డాక ఆ వర్తకం చితికిపోయింది. ఆంగ్లేయ యాత్రికుడు విలియం మూర్‌క్రాఫ్ట్ 1820లో రోహ్‌తాంగ్, బారాలాచా దాటి లేహ్ చేరాడు. ఆయన పట్టిన దారికీ ఇప్పటి రహదారికీ పెద్ద తేడా లేదు. ఈ కొండల్లో అటునుంచి ఇటు దాటడానికి వీలైన చోట్లు కొన్నే. మనిషికైనా కంచరగాడిదకైనా లారీకైనా అవే గతి.

దీన్ని మోటారు దారిగా మార్చింది సైనిక అవసరం. సరిహద్దు రోడ్ల సంస్థ (బీఆర్‌ఓ) 1960 మే 7న ఏర్పడింది. 1962లో చైనాతో యుద్ధం జరిగాక లద్దాఖ్‌కు దారులు వేయడం దేశానికి తప్పనిసరైంది. అప్పటికి లేహ్ చేరడానికి ఉన్న ప్రధాన మార్గం శ్రీనగర్ నుంచి జోజీ లా మీదుగా పోయేది. 3,528 మీటర్ల ఎత్తున్న ఆ కనుమ మీదికి 1948 నవంబరులో జనరల్ తిమ్మయ్య నాయకత్వంలో మన సైన్యం ట్యాంకులు ఎక్కించి, శత్రువును వెనక్కి తరిమి లేహ్ దారిని విడిపించింది. అయితే ఆ దారిలో చాలా భాగం నియంత్రణ రేఖకు దగ్గరగా పోతుంది. 1999 కార్గిల్ యుద్ధంలో శత్రువులు ఎత్తుల మీద కూర్చుని ఆ రహదారినే గురిపెట్టారు. శత్రువు తుపాకులకు అందని రెండో దారి ఎంత అవసరమో దేశానికి అప్పుడు బాగా తెలిసొచ్చింది. మనాలి దారి ప్రాముఖ్యం అక్కణ్నుంచే పెరిగింది.

లద్దాఖ్‌లోకి పర్యాటకులను 1974లో అనుమతించారు. తరువాతి కాలంలో మనాలి వైపు దారి కూడా పౌర వాహనాలకు తెరుచుకుంది. జీపులు, బస్సులు, మోటారు సైకిళ్లు, ఆఖరికి తొక్కే సైకిళ్లు కూడా దీని మీద తిరగడం మొదలైంది. హిమాచల్ రోడ్డు రవాణా సంస్థ వేసవిలో ఢిల్లీ నుంచి లేహ్ దాకా ఏకంగా బస్సు నడుపుతుంది. వెయ్యి కిలోమీటర్లు దాటే ఆ ప్రయాణం దేశంలోని కష్టమైన బస్సు మార్గాల్లో ఒకటి.

కనుమ వెనుక కనుమ

మనాలి దాటాక దేవదారు అడవులు, ఆపిల్ తోటలు, బియాస్ నది హోరు. నైరుతి ఋతుపవనం ఇక్కడిదాకా వస్తుంది, అందుకే ఇంత పచ్చదనం. 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ ఆ మేఘాలకు అడ్డుకట్ట. దానికి ఇటు వాన, అటు ఎండ. బియాస్ నది ఈ కనుమ దగ్గరే పుట్టి దక్షిణానికి జారితే, ఉత్తర పాదం దగ్గర చంద్రా నది పడమరకు సాగిపోతుంది. కనుమ దాటిన కొద్ది సేపటికే చెట్లు పలచబడి, కొండల రంగు ఆకుపచ్చ నుంచి గోధుమకు మారుతుంది. సొరంగంలోంచి పోయేవారికి ఈ మార్పు పది, పదిహేను నిమిషాల్లోనే జరిగిపోతుంది. అడవిలో లోపలికి వెళ్లి బండరాళ్ల మధ్య బయటికొస్తారు.

తాండీ దగ్గర చంద్రా, భాగా నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. అదే దిగువన చీనాబ్. తాండీ పెట్రోలు బంకు ఈ దారిన పోయేవాళ్లందరికీ ఎరుకే. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు ముందు ఫోటో దిగని బైకు రైడరు అరుదు. ఇప్పుడు లేహ్‌కు ముందు కారూలో బంకు వచ్చింది గానీ, ట్యాంకు నింపుకుని ఒక క్యాను వెంట పెట్టుకోవడం ఇంకా మంచి అలవాటే. లాహౌల్–స్పితి జిల్లా కేంద్రం కేలాంగ్, ఆపైన జిస్పా, దార్చా. బఠానీ, బంగాళాదుంప చేలు, రాళ్లూ మట్టీ పేర్చి కట్టిన చదును కప్పు ఇళ్లు. దార్చా దాటితే లద్దాఖ్‌లోని రుమ్‌ట్సే వరకు ఏడాది పొడవునా జనముండే ఊరు దాదాపు కనబడదు. మధ్యలో కనిపించేవన్నీ వేసవి గుడారాలు, సైనిక శిబిరాలు, రోడ్డు కూలీల డేరాలే.

బారాలాచా లా సుమారు 4,890 మీటర్లు. లద్దాఖీ, టిబెటన్ భాషల్లో 'లా' అంటే కనుమ. అంచులు పెద్దగా లేవకుండా, కొన్ని కిలోమీటర్ల మేర విశాలంగా పరుచుకున్న మైదానం లాంటి చోటు ఇది. చంద్రా, భాగా, యూనమ్ అనే మూడు నదులు దీని మూడు వైపుల నుంచి మూడు దిక్కులకు పోతాయి. కనుమకు కాస్త దిగువన సూరజ్ తాల్ సరస్సు ఉంది, భాగా నదికి పుట్టుక అక్కడే. జూన్ మొదట్లో వెళ్తే సరస్సు గడ్డకట్టి ఉంటుంది, రోడ్డు రెండు వైపులా బస్సు కన్నా ఎత్తుగా మంచు గోడలు నిలబడి ఉంటాయి. ఆ గోడల మధ్య ఒకటే వరస. ఎదురుగా సైనిక వాహన శ్రేణి వస్తే, అదంతా వెళ్లేదాకా ఆగాల్సిందే.

కనుమ దిగితే సర్చూ. సుమారు 4,290 మీటర్ల ఎత్తున ఉన్న ఈ చదును నేల మీదే హిమాచల్ ముగిసి లద్దాఖ్ మొదలవుతుంది. వేసవిలో గుడారాలు వెలుస్తాయి. ఇక్కణ్నుంచి సారప్ నది వెంట కొంత దూరం పోయాక గాటా లూప్స్ వస్తాయి. ఒకదాని పైన ఒకటిగా 21 హెయిర్‌పిన్ మలుపులు, సుమారు నాలుగైదు వందల మీటర్ల ఎక్కుడు. పైనుంచి చూస్తే మొత్తం మలుపులన్నీ ఒకేసారి కనిపించి, తాను వచ్చింది ఇదంతానా అని డ్రైవరు ఆశ్చర్యపోతాడు. మధ్యలో ఒక మలుపు దగ్గర నీళ్ల సీసాలు గుట్టగా పోసిన చిన్న గుడి ఉంది. మంచులో చిక్కుకుని దాహంతో చనిపోయిన ఒక క్లీనరు ఆత్మకు దారినపోయేవాళ్లు నీళ్లు పెడతారని చెప్పుకుంటారు. ఆ కథ నిజమా కాదా అన్నది అటుంచితే, ఈ దారి మీద చలికి, ఒంటరితనానికి బలైపోయే ప్రమాదం ఉత్త కల్పన కాదు.

లూప్స్ పైన సుమారు 4,740 మీటర్ల నకీ లా, అది దిగీ దిగగానే సుమారు 5,060 మీటర్ల లాచులుంగ్ లా. ఈ రెండు కనుమల మధ్య విస్కీ నాలా అనే గుడారాల మజిలీ. లాచులుంగ్ దిగే లోయలో గాలి, నీరు కోసిన ఇసుక రంగు శిలాస్తంభాలు, రాతి తోరణాలు కిలోమీటర్ల మేర నిలబడి ఉంటాయి. దిగువన పాంగ్. లద్దాఖీ స్త్రీలు నడిపే గుడారాల్లో టీ, మ్యాగీ, రాజ్మా అన్నం దొరుకుతాయి. సుమారు 4,600 మీటర్ల ఎత్తున నీరు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది కాబట్టి ఇక్కడ బియ్యం మామూలు గిన్నెలో ఎంతసేపుంచినా ఉడకవు. ప్రతి గుడారంలో ప్రెషర్ కుక్కర్ ఈల వినబడుతుందంటే కారణం అదే.

పాంగ్ పైన కొద్ది దూరం నిట్టూర్చుతూ ఎక్కితే ఒక్కసారిగా మైదానం. మోరే మైదానాలు అంటారు. సుమారు 4,700 మీటర్ల ఎత్తులో నలభై కిలోమీటర్ల పైచిలుకు దాదాపు తిన్నని రోడ్డు, రెండు వైపులా దూరంగా కొండలు. చాంగ్‌పా సంచార కాపరులు యాక్‌లతో, పశ్మీనా మేకలతో ఇక్కడికి వస్తారు. అడవి గాడిద జాతికి చెందిన కియాంగ్‌ల మంద అప్పుడప్పుడు రోడ్డుకు సమాంతరంగా పరుగెడుతుంది. పక్కకు చీలే దారిలో ఉన్న ట్సో కార్ ఉప్పు సరస్సుకు 2020లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఈ చదును మీద అనుభవం లేని డ్రైవర్లు వేగం పెంచేస్తారు. రాళ్లు, మలుపుల దగ్గర పడిన జాగ్రత్త ఇక్కడ సడలుతుంది. ప్రమాదాలకు ఇదొక కారణం.

ఆఖరి కనుమ తంగ్‌లంగ్ లా, 5,328 మీటర్లు. ఈ రహదారికి ఇదే శిఖరం. రాళ్ల గుట్ట మీద ప్రార్థనా జెండాలు గాలికి పటపటలాడుతుంటాయి. దాటే లద్దాఖీలు 'కి కి సో సో ల్హర్‌గ్యాలో' అని గట్టిగా కేకవేస్తారు, దేవతలకు జయం అని ఆ మాట భావం. అక్కణ్నుంచి దిగుడే. లద్దాఖ్‌లోని అతి పాత ఊళ్లలో ఒకటిగా చెప్పుకునే గ్యా, తరువాత మీరూ. ఈ ఇరుకు లోయలో ఊదా, ఎరుపు, ఆకుపచ్చ రంగుల రాతిపొరలు అరలో నిలబెట్టిన పుస్తకాల్లా నిటారుగా లేచి ఉంటాయి. భారత భూఫలకం ఆసియాను ఢీకొన్న సంధి ప్రాంతం ఇదే. ఒకప్పుడు నీటి అడుగున అడ్డంగా పరుచుకున్న పొరలు ఆ ఒత్తిడికి మడతపడి ఇలా నిలుచున్నాయి. భూగర్భ శాస్త్రం చదవనివారికైనా ఆ ఒత్తిడి ఎంతటిదో ఇక్కడ కంటికి కనబడుతుంది. ఈ దారిలో బండి ఆపి తప్పక చూడవలసిన చోటు ఒక్కటి చెప్పమంటే ఈ లోయే. ఉప్షీ దగ్గర సింధు నది చేరువవుతుంది. ఆపైన యాభై కిలోమీటర్లు నది వెంట, తిక్సే ఆరామం, షే కోటల మీదుగా లేహ్.

పలచని గాలి

ఈ ప్రయాణంలో మనిషిని కూలదోసేది మలుపులు కాదు, ఎత్తు. సర్చూ దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో అరవై శాతం, తంగ్‌లంగ్ లా పైన సగానికి కాస్త ఎక్కువ. ఊపిరికి అందే ఆక్సిజనూ అదే పాళ్లలో తగ్గిపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, ఆకలి చావడం, నిద్ర పట్టకపోవడం కొండ జబ్బు తొలి గుర్తులు. ఇవి చాలామందికి వస్తాయి, విశ్రాంతితో తగ్గుతాయి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గుతో నురగ పడటం, తూలుతూ నడవడం, మాట తడబడటం కనిపిస్తే మాత్రం ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతోందని అర్థం. అప్పుడు ఒక్కటే మందు: వెంటనే కిందికి దిగడం. ఆక్సిజన్ సిలిండరు ఆ దిగడానికి వ్యవధి ఇస్తుందే తప్ప, దానికి బదులు కాదు.

సర్చూలో బస ఎందుకు ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది. పొద్దున మనాలిలో బయల్దేరి రాత్రికి సర్చూ చేరేవారు ఒకే రోజులో రెండు వేల మీటర్లకు పైగా ఎక్కి అక్కడే పడుకుంటారు. మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచరాదన్న వైద్యుల సూత్రానికి ఇది పూర్తి విరుద్ధం. దానికితోడు, సర్చూ ఒక గిన్నె అడుగు లాంటిది. అర్ధరాత్రి జబ్బు ముదిరి కిందికి దిగాలంటే ముందు పైకెక్కాలి: వెనక్కి బారాలాచా, ముందుకు లాచులుంగ్. రెండూ సర్చూ కన్నా ఎత్తే. కాబట్టి మొదటి రాత్రి కేలాంగ్‌లోనో జిస్పాలోనో, అంటే మూడు వేల పైచిలుకు మీటర్ల దగ్గర గడిపి, మర్నాడు తెల్లారకముందే లేచి కనుమలన్నీ దాటి సాయంత్రానికి లేహ్ దిగువకు చేరడం సరైన పద్ధతి. రెండు రాత్రులు కేలాంగ్ ప్రాంతంలో ఉంటే ఇంకా మేలు. ప్రయాణ సంస్థలు అమ్మే 'సర్చూ గుడారాల రాత్రి' ఫోటోలకు బాగుంటుంది గానీ, మైదానాల నుంచి నేరుగా వచ్చినవారికి, పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవారికి అది తగదు. అసిటజోలమైడ్ మాత్ర కొందరికి సాయపడుతుంది, కానీ డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. సల్ఫా మందులు పడనివారు ముఖ్యంగా అడగాలి.

ఢిల్లీ నుంచి విమానంలో లేహ్‌లో దిగేవారికి ఇంకో రకం ఇబ్బంది. గంటంబావులో 3,500 మీటర్లకు చేరిపోతారు. వారు మొదటి రెండు రోజులూ హోటలు గది దాటకుండా విశ్రాంతి తీసుకోవాలి. ఈ సలహా వినకుండా మర్నాడే ఖర్దుంగ్ లా ఎక్కి కూలబడేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

ఇంజన్‌కూ ఇదే బాధ. గాలి పలచనైతే ఇంధనం సరిగ్గా కాలదు. ఐదు వేల మీటర్ల పైన టర్బో లేని ఇంజను దాదాపు సగం బలం కోల్పోతుంది. కార్బొరేటరు ఉన్న పాత బుల్లెట్లు నల్లటి పొగ వదులుతూ ఆయాసపడేది అందుకే. చలికి మామూలు డీజిలు గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా ద్రవంగా ఉండే చలికాలపు డీజిలును విడుదల చేసింది.

దారిని తవ్వి తీసేవాళ్లు

నవంబరు నుంచి కనుమలు మూతపడతాయి. వసంతంలో వాటిని తిరిగి తెరిచే పని బీఆర్‌ఓది. హిమాచల్ వైపు దీపక్ ప్రాజెక్టు, 1985లో ఏర్పడ్డ హిమాంక్ ప్రాజెక్టు లద్దాఖ్ వైపు ఎన్నో ఏళ్లుగా ఈ బరువు మోస్తూ వచ్చాయి. రెండు చివర్ల నుంచి రెండు బృందాలు మంచు కోసుకుంటూ వచ్చి మధ్యలో కలుస్తాయి. ఆ కలయికను వారు చిన్న వేడుకగా జరుపుకుంటారు. చెప్పడం తేలిక. మంచు కింద రోడ్డు ఎక్కడుందో కంటికి కనబడదు. బుల్‌డోజరు రెండు గజాలు పక్కకు జరిగితే కింద లోయ. పాత గుర్తులు, జీపీఎస్, ఆ మలుపులు ఎరిగిన మనుషుల జ్ఞాపకం, ఈ మూడింటి సాయంతో ముందుకు పోతారు. తవ్విన చోట రాత్రికి రాత్రి గాలి మళ్లీ మంచు తెచ్చి పోస్తుంది. పైనుంచి హిమపాతం జారితే వారం పని ఒక్క నిమిషంలో పోతుంది.

మంచు తొలగించాక అసలు మరమ్మతు మొదలు. తారు వేయడానికి వీలైన వెచ్చదనం ఏడాదికి నాలుగైదు నెలలు మించి ఉండదు. రోడ్డు పక్కన తారు పీపా కింద మంట వేసి కాస్తుంటారు. నల్లటి పొగలో ముఖానికి గుడ్డ చుట్టుకున్న మనుషులు, ఆ గుడ్డ పైన మెరిసే కళ్లు మాత్రమే కనబడతాయి. ఒకడు సుత్తితో కంకర కొడుతుంటాడు, ఇద్దరు ఒకే పారకు తాడు కట్టి, ఒకరు గుచ్చితే ఇంకొకరు లాగుతుంటారు. పలచని గాలిలో ఒక్క మనిషి బలం చాలక కనిపెట్టిన పద్ధతి అది. పక్కనే వారి డేరా. వీరిలో చాలామంది జార్ఖండ్ నుంచి, ముఖ్యంగా దుమ్‌కా ప్రాంతపు సంథాల్ ఊళ్ల నుంచి వస్తారు. వేడి పల్లపు నేలల్లో పుట్టిన మనుషులు ఐదు వేల మీటర్ల ఎత్తున తారు పోస్తున్నారు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ కాలంలో లద్దాఖ్‌లో చిక్కుకుపోయిన అరవై మంది కూలీలను జార్ఖండ్ ప్రభుత్వం విమానంలో రాంచీకి రప్పించింది. దేశం వారి పేరైనా ఎత్తిన సందర్భాల్లో అది ఒకటి. ఆ వెంటనే సరిహద్దు రోడ్ల పనికి మళ్లీ కూలీలు కావలసి రావడంతో, వారి కూలి, రక్షణ గురించి ఆ రాష్ట్రానికీ బీఆర్‌ఓకూ మధ్య చర్చలు నడిచాయి.

ఈ దారిలో పోయేవారు కనుమ ఎత్తు రాసిన బోర్డులను, అంత్యప్రాసల ఇంగ్లీషు హెచ్చరికలను ఫోటో తీసుకుంటారు. తారు పీపా దగ్గర వేగం తగ్గించి, కూలీల మీద దుమ్ము లేపకుండా పోవడం అంతకన్నా ముఖ్యం. ఆగి రెండు నీళ్ల సీసాలో, కొన్ని పళ్లో ఇచ్చిపోయే డ్రైవర్లు ఉన్నారు. ఈ రోడ్డు మీద అంతకు మించిన మర్యాద లేదు.

నాలాలు, మలుపులు

మంచు కరిగిన నీరు రోడ్డుకు అడ్డంగా పారే వాగులను ఇక్కడ నాలాలంటారు. పొద్దున మడమ లోతు ఉన్నది మధ్యాహ్నం రెండింటికి మోకాలు దాటుతుంది, ఎందుకంటే ఎండ ముదిరేకొద్దీ పైన మంచు కరుగుతుంది. కాబట్టి తెల్లవారుజామున బయల్దేరడం ఈ దారిలో మొదటి సూత్రం. మోటారు సైకిలు మీద దాటేవారు నీటి అడుగున గుండ్రాళ్లుంటాయని గుర్తుంచుకుని, మొదటి గేరులో, మధ్యలో క్లచ్ నొక్కకుండా, ఆగకుండా పోవాలి. ముందు ఒక లారీ దాటేదాకా ఆగి చూడటం తెలివైన పని. లోతెంతో దాని చక్రాలే చెబుతాయి.

ఇరుకు కొండదారి మీద దిగే బండి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, మన మోటారు వాహన నిబంధనల్లో ఉన్న మాట. దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉంటే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. నీడ మలుపుల్లో పొద్దున పూట కంటికి కనబడని పలచని మంచుపొర ఉంటుంది.

సొరంగం తరువాత

రోహ్‌తాంగ్ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగాన్ని 2020 అక్టోబరు 3న ప్రారంభించారు. సముద్రమట్టానికి మూడు వేల పైచిలుకు మీటర్ల ఎత్తున్న ఈ సొరంగం ప్రయాణాన్ని 46 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు తగ్గించింది. దీనికి చేరే దారికి 2002లో, సొరంగానికి 2010లో శంకుస్థాపనలు జరిగాయి. తవ్వకంలో సేరీ నాలా కింద దాదాపు ఆరు వందల మీటర్ల నలిగిన రాతి భాగం తగిలింది. పైనున్న వాగు నీరు సొరంగంలోకి దూకింది. ఆ ఒక్క ముక్కను దాటడానికే ఏళ్లు పట్టింది.

పర్యాటకులకు తగ్గింది కొన్ని గంటలే. లాహౌల్ ప్రజలకు మాత్రం ఏడాదిలో సగం తిరిగొచ్చింది. రోహ్‌తాంగ్ మూతపడితే వారు నెలల తరబడి మిగతా దేశంతో తెగిపోయేవారు. జబ్బుపడినవారికి హెలికాప్టరే దిక్కు, అది వాతావరణం అనుమతిస్తేనే. కాలినడకన కనుమ దాటబోయి మంచు తుపానులో చనిపోయినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఆ భయం పోయింది. బదులుగా, సిస్సూ లాంటి చిన్న ఊళ్లకు వారాంతాల్లో వేల వాహనాలు రావడం, చెత్త పేరుకుపోవడం కొత్త సమస్యలయ్యాయి. రోహ్‌తాంగ్ పాత దారికి హరిత ట్రైబ్యునల్ రోజువారీ వాహనాల పరిమితి విధించింది, పర్మిట్ లేనిదే పైకి పంపరు. 2023 జూలైలో బియాస్ వరద మనాలి చుట్టుపక్కల రోడ్డును పలుచోట్ల కోసుకుపోయింది. సొరంగం ఎంత గట్టిదైనా దాని వాకిలిదాకా తీసుకుపోయే రోడ్డు నది దయ మీదే ఉందని ఆ వరద చూపింది.

మరికొన్ని కనుమలు, రాబోయే దారులు

లేహ్ చేరాక చాలామంది ఎక్కే ఖర్దుంగ్ లా ఎత్తు గురించి ఏళ్ల తరబడి బోర్డు మీద 18,380 అడుగులని రాసి, ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు దారిగా చెప్పుకున్నారు. కొలిచి చూస్తే సుమారు 17,580 అడుగులే, అంటే 5,359 మీటర్లు. దానికి గొప్పతనం కల్పించనక్కరలేదు. సియాచిన్ వైపు ఉన్న నుబ్రా లోయకు, అక్కడి సైనికులకు సరుకులు మోసే ప్రధాన దారి అది. బీఆర్‌ఓ తారు రోడ్డు వేసిన ఉమ్లింగ్ లా ఎత్తు 19,024 అడుగులు. 2021లో దానికి గిన్నిస్ గుర్తింపు వచ్చింది.

శ్రీనగర్ దారిలో సోనామర్గ్ సొరంగం 2025 జనవరిలో తెరుచుకుంది. దానికి ఎగువన జోజీ లా కింద పదమూడు కిలోమీటర్లకు పైగా పొడవైన సొరంగాన్ని హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ తవ్వుతోంది, 2020లో దానికి ఆ పని దక్కింది. లద్దాఖ్‌కు మూడో దారి కూడా మనాలి వైపు నుంచి వచ్చింది. దార్చా నుంచి షింకూ లా దాటి జన్‌స్కార్‌లోని పదుం మీదుగా లేహ్ దగ్గర నిమ్మూ చేరే 298 కిలోమీటర్ల రోడ్డు 2024లో కలిసింది. బారాలాచా, లాచులుంగ్, తంగ్‌లంగ్ మూడూ ఈ దారిలో తగలవు, ఒక్క షింకూ లా తప్ప. ఆ ఒక్క కనుమ కింద 15,800 అడుగుల ఎత్తున 4.1 కిలోమీటర్ల సొరంగానికి 2024 జూలై 26న తొలి పేలుడు జరిపారు. అది పూర్తయితే లద్దాఖ్‌కు ఏడాది పొడవునా తెరిచి ఉండే దారి మనాలి వైపు నుంచి ఏర్పడుతుంది. ఆ మూడు కనుమలు దాటే పాత రహదారికి కూడా సొరంగాల ప్రతిపాదనలు ఉన్నాయి. ప్రస్తుతానికి దానిని తెరిచే తేదీని నిర్ణయించేది మాత్రం బారాలాచా మీద ఆ ఏడు పడిన మంచే.